ఫీడు పొలిమేర

తెలుగు బ్లాగుల తొలి రోజుల గురించి మాట్లాడుకున్నప్పుడల్లా రాసినవాళ్ల పేర్లే వింటాం. ఆ రాతలు మనదాకా ఎలా చేరాయో పెద్దగా ఎవరూ చెప్పరు.

1999 మార్చిలో నెట్‌స్కేప్ ఆర్‌ఎస్‌ఎస్ అనే పద్ధతిని బయటపెట్టింది. సైటులో కొత్తగా వచ్చినవాటి శీర్షిక, లింకు, చిన్న పరిచయం ఒక ఫైల్లో పెట్టడమే దాని పని. ఆ ఫైలే ఫీడు. రూపొందించినవాళ్లలో మద్రాసు ఐఐటీలో చదివిన రామనాథన్ గుహ ఒకరు.

ఇంకో సైటు ఫీడుని మన పేజీలో చూపించడానికి నాలుగు లైన్ల జావాస్క్రిప్టు చాలదా? చాలదు. జావాస్క్రిప్టు వచ్చిన కొద్దికాలానికే నెట్‌స్కేప్ బ్రౌజరులో ఒక కట్టుబాటు వచ్చింది: ఒక సైటు స్క్రిప్టు మరో సైటు సరుకుని చదవకూడదు. మా అగళిలో ఇది చెప్పడం తేలిక. మాది కర్ణాటక అంచు. శిరా పక్కనే ఉన్నా, అక్కడి కబురు మా తెలుగు పేపరు జిల్లా పేజీలో కనబడేది అరుదు.

ఈ పొలిమేర దాటించడానికి దళారీ కావాల్సొచ్చింది. 2007లో గూగుల్ ఫీడ్ ఏపీఐ ఆ పనే చేసింది: ఫీడుని తన సర్వరులోకి తెచ్చుకుని, స్క్రిప్టు చదవగలిగే రూపంలో అందించేది. పేజీ పక్కన ‘తాజా వార్తలు’ పెట్టె అలా సులువైంది. తెలుగుకి ఇంకో చిక్కుండేది. సొంత ఫాంటుతో నడిచే వార్తాసైటు అక్షరాలు బయటి పేజీలో పిచ్చిగీతల్లా కనబడేవి. యూనికోడులో రాసిన బ్లాగులకి ఆ బాధ లేదు. అందుకే వీవెన్ నడిపిన కూడలి, తర్వాత హారం, మాలిక వాటిని ఒకచోటికి చేర్చగలిగాయి. అక్కడ జిల్లా పేజీలు లేవు. అగళిలో రాసినా అమెరికాలో రాసినా ఒకే వరస, కొత్తది పైన.

2013 జూలై 1న గూగుల్ రీడర్ మూతబడింది. తర్వాత ఫీడ్ ఏపీఐ కూడా. దాన్ని నమ్ముకున్న పెట్టెలు ఖాళీ అయ్యాయి. నిజానికి ఫీడులు చావలేదు, దళారీ లేచిపోయాడంతే. జనం ఫేస్‌బుక్‌కి అలవాటుపడ్డారు, ఏది ముందు చూడాలో అదే తేలుస్తోంది.

2014 జనవరిలో డబ్ల్యూ3సీ ఒక ప్రమాణం ఖాయం చేసింది: ఫీడు ఇచ్చే సైటే అనుమతిస్తే, దళారీ లేకుండా బయటి స్క్రిప్టు నేరుగా చదువుకోవచ్చు. సర్వరులో ఒక్క లైను చాలు. తెలుగు వెబ్ పత్రికలు ఫీడుతో పాటు ఆ లైనూ పెడితే, ఏ ఊరివాళ్లైనా తమకి నచ్చిన వరసలో తమ కూడలిని తామే కట్టుకుంటారు.