ఐఐటీ క్లాసు సురంగల్ దాకా ఎలా వచ్చింది? ఆన్‌లైన్ కోడింగ్ చదువు వెనక కథ

మొయినాబాద్ మండలంలో సురంగల్ అని ఒక ఊరు ఉంది. వీసా బాలాజీ అని పేరుపడ్డ చిలుకూరు గుడి కూడా ఇదే మండలంలో ఉంది. అంటే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అమెరికా ప్రయాణం ఇక్కడ కొత్త మాటలు కావు. అయినా ఒకప్పుడు ఇక్కడి పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలంటే బస్సెక్కి అమీర్‌పేట పోవాల్సిందే. ఇవాళ అదే పాఠాన్ని ఐఐటీ ప్రొఫెసర్ చెప్తుంటే ఇంట్లో కూర్చుని ఫ్రీగా వినొచ్చు.

ఇది ఎట్లా సాధ్యమైంది? "ఏముంది, ఇంటర్నెట్ వచ్చింది, వీడియోలు వచ్చాయి" అంటారు. కానీ అసలు మలుపు వీడియో కాదు. చూద్దాం.

పాఠాన్ని ఊరికి పంపడం చాలా పాత ఆలోచన. 1975 ఆగస్టులో 'సైట్' అనే ప్రయోగం మొదలైంది. ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు పంపారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఉంది, తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. ఏడాది నడిచి ఆగిపోయింది.

తర్వాత 1982లో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ మన దగ్గరే పుట్టింది. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి. ఇప్పుడు మనం అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అంటున్నది అదే. కాలేజీకి పోలేనివాళ్లు పని చేసుకుంటూనే డిగ్రీ చదివారు.

2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. క్లాసులు రికార్డు చేసి అందరికీ ఇచ్చాయి. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు వచ్చాయి. పదో తరగతి పాసైన పల్లె పిల్లల చేతికి ల్యాప్‌టాప్ అందింది. ఆ యూనివర్సిటీకి మొదటి ఛాన్సలర్ రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి.

ఇప్పుడు ఒక్క విషయం గమనించండి. టీవీ పాఠం చెప్తుంది, రికార్డింగ్ కూడా పాఠం చెప్తుంది. కానీ మీరు రాసిన ప్రోగ్రామ్ తప్పో ఒప్పో ఎవరు చెప్పాలి? చరిత్ర పాఠం వింటే కొంతైనా గుర్తుంటుంది. కోడింగ్ అట్లా కాదు, ఈత లాంటిది. గట్టు మీద కూర్చుని చూస్తే రాదు.

ఆ లోటు తీర్చింది ఆటోగ్రేడర్. 2011లో స్టాన్‌ఫోర్డ్ కృత్రిమ మేధ కోర్సును ఆన్‌లైన్‌లో పెడితే దాదాపు 1,60,000 మంది చేరారు. అంతమంది పేపర్లు ఏ సార్ దిద్దుతాడు? మెషీనే దిద్దింది. 2012లో హార్వర్డ్ సీఎస్50 కోర్సు ఎడ్ఎక్స్‌లోకి వచ్చింది. 2014లో ఎన్‌పీటెల్ సర్టిఫికెట్ కోర్సులు మొదలయ్యాయి.

అది పని చేసే తీరు చెప్తాను. మూడు అంకెల్లో పెద్దది కనుక్కోమన్నారు అనుకోండి. మీరు 'పెద్దది = 0' అని మొదలుపెట్టి, అంతకంటే పెద్ద అంకె వస్తే మారుస్తూ పోయారు. 3, 7, 5 ఇచ్చి చూశారు, 7 వచ్చింది. సంతోషం. కానీ ఆటోగ్రేడర్ మీకు కనిపించని టెస్ట్ కేసులు కూడా పెడుతుంది. మైనస్ 3, మైనస్ 7, మైనస్ 5 ఇస్తుంది. మీ ప్రోగ్రామ్ 0 అంటుంది. ఫెయిల్! పక్కన సార్ లేకపోయినా, మీ ఆలోచనలో చిల్లు ఎక్కడుందో వెతుక్కునే పని మీకు దొరికింది. యూనివర్సిటీ నిజంగా ఊళ్లోకి వచ్చింది అప్పుడే.

2016లో జియో వచ్చాక డేటా చవకైంది. 2017లో స్వయం పోర్టల్ వచ్చింది. స్వయం కోర్సుల క్రెడిట్లను డిగ్రీలో కలుపుకునే వీలు కూడా ఉంది, మీ కాలేజీ ఒప్పుకుంటే. ఎన్‌పీటెల్ పాఠం ఫ్రీ. సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి, సెంటర్‌కి పోయి పరీక్ష రాయాలి.

మరి అందరూ నేర్చేసుకున్నారా? లేదు. ఆ స్టాన్‌ఫోర్డ్ కోర్సులో చివరిదాకా నిలిచింది 20 వేల పైచిలుకు మందే. మన పిల్లలకు ఇంగ్లీషు ఇంకో గోడ. కొన్ని ఎన్‌పీటెల్ పాఠాలకు తెలుగు అనువాదం ఉంది, వెతికి వాడుకోండి. ఫోన్‌లో వీడియో హాయిగా చూడొచ్చు కానీ ఆ చిన్న కీబోర్డు మీద కోడ్ రాయడం కష్టం. వారానికి రెండు రోజులైనా కాలేజీ ల్యాబ్‌లోనో, స్నేహితుడి ల్యాప్‌టాప్ మీదనో కూర్చోండి.

అన్నిటికంటే పెద్ద అడ్డు ఆ 'ఫెయిల్' అనే మాట. మొదటిసారి చూడగానే చాలామంది "నాకు కోడింగ్ రాదు" అనుకుని మానేస్తారు. ఏళ్ల అనుభవం ఉన్న ఇంజినీర్లకు కూడా అది రోజూ కనిపిస్తుంది. అది మీ మీద తీర్పు కాదు, ఆ ప్రోగ్రామ్ మీద మాట. దిద్ది మళ్లీ పంపండి.

మీ ఊరి నుంచి ఎవరైనా ఇట్లా ఆన్‌లైన్‌లోనే నేర్చుకున్నారా? కామెంట్లలో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.