మూడు పురాలు కూలిన రోజు

త్రిపురాసురుల మూడు పురాలు ఒక్క వరుసలోకి వచ్చేదాకా శివుడు బాణం వదల్లేదని పురాణం. లిబర్టీ సిటీ, వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ కూడా విడివిడిగా ఉన్నన్నాళ్లూ చెక్కుచెదరలేదు. 2021 నవంబరు 11న రాక్‌స్టార్ సంస్థ ఆ మూడు జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) వీడియో గేములనూ ఒకే మూటగా కట్టి, ‘డెఫినిటివ్ ఎడిషన్’ అని పేరు పెట్టి మళ్లీ విడుదల చేసింది. ఆ రోజే మూడూ కూలాయి.

వాటి వైభవం ఎలాంటిదో హైదరాబాద్‌లోని చందానగర్‌కి తెలుసు. వైస్ సిటీ కంప్యూటర్ల మీదికి వచ్చింది 2003 మేలో. ఆ ఆగస్టులోనే చందానగర్ మీదుగా పోయే లింగంపల్లి లైన్లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు మొదలయ్యాయి. ఆ ఊరు అప్పటికింకా హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలవలేదు. ముంబై హైవే పక్క సందుల్లో, గంటకింతని డబ్బు పుచ్చుకునే ఇంటర్నెట్ సెంటర్లలో, ఒక్కడు ఆడుతుంటే కుర్చీ వెనక నలుగురు నిలబడేవాళ్లు. ‘పాంజర్ కొట్టరా’ అంటే, ఆ చీట్ కోడ్‌తో ట్యాంకు దిగేది. ‘ఆస్పిరిన్ కొట్టు’ అంటే పోయే ప్రాణం నిలబడేది. ఆటలో హీరో టామీ వర్సెట్టికి ఈత రాదు, నీళ్లలో పడితే అంతే. ఆ భయంతో వంతెన మీద బండి నెమ్మదించిన పిల్లలకు, వైస్ సిటీకి నమూనా అయిన మయామీ ఎక్కడుందో తెలియదు కానీ, ఆటలో ప్రతి మలుపూ తెలుసు.

2004 నాటి శాన్ ఆండ్రియాస్ అంతకన్నా పెద్ద అద్భుతం. ప్లేస్టేషన్ 2లో ఉన్న మెమరీ 32 ఎంబీ. అందులో మూడు నగరాలు, ఎడారి, అడవి, మౌంట్ చిలియాడ్ కొండ పట్టాలి. దూరాన ఉన్నదంతా చూపించే శక్తి ఆ యంత్రానికి లేదు. చేసినవాళ్లు దూరాలను మసక వెనక దాచారు. లాస్ శాంటోస్ ఆకాశానికి నారింజ రంగు పొగ పట్టించారు. రోడ్లను కొండల చుట్టూ తిప్పారు. బండి ఎంతసేపు నడిపినా ముందు ఇంకేదో ఉందనిపించేది. ఆ ప్రపంచం నిజానికి చిన్నదే. చిన్నదని తెలియనివ్వకపోవడమే పనితనం.

కొత్త యంత్రాలకు ఆ ఇబ్బంది లేదు కదా అని, డెఫినిటివ్ ఎడిషన్ విడుదల నాటికి ఆ మసక తీసేశారు. కొండ మీద నిలబడితే శాన్ ఆండ్రియాస్ రాష్ట్రమంతా ఒక్క చూపులో తేలిపోయింది. ఆ నగరం నుంచి ఈ నగరానికి ఉన్న దూరం ఇంతేనా! నా మటుకు ఆ పతనంలో అన్నిటికన్నా బాధపెట్టింది ఇదే. వాన తెల్లటి గీతలుగా మారి ఎదుట ఏముందో కనపడనివ్వలేదు. మనుషుల ముఖాలు మైనపు ముద్దలయ్యాయి. పాత బొమ్మలను యంత్రం చేత సాగదీయిస్తే దుకాణాల బోర్డుల మీద అక్షరాలు తప్పుల తడకలయ్యాయి. టఫ్ నట్ డోనట్స్ కొట్టు పైన ఆరు మూలల నట్టు ఒకటి ఉండేది. దాని మూలలు కూడా నున్నగా అరిగిపోయాయి. అది చూసి ‘ఇది నట్టు, గుండ్రంగా ఉండదు’ అనడానికి ఒక మనిషి, ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం ఎవరి చేతిలోనూ లేకపోయింది.

పని అప్పగించింది ఫ్లోరిడాలోని గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్ అనే చిన్న సంస్థకు. గతంలో ఈ గేములను ఫోన్లలోకి తెచ్చింది వాళ్లే. మూడు గేములు, కొత్త ఇంజిను, ఒకేసారి ఎన్నో రకాల యంత్రాలు. ఆనాటి ఇంటర్నెట్ సెంటర్ పిల్లలు కొందరు ఇప్పుడు హైటెక్ సిటీలో చేస్తున్నది ఇలాంటి మైగ్రేషన్ పనే. ఎవరో ఎప్పుడో రాసిన కోడ్, అది అలా ఎందుకుందో చెప్పేవాళ్లు ఉండరు, రిలీజ్ డేట్ మాత్రం ఖాయం. ఆ బాధ వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

చెప్పగలిగినవాళ్లు బయట ఉన్నారు. లిబర్టీ సిటీలో జరిగే జీటీఏ 3ను, వైస్ సిటీని అణువణువూ విప్పి, కోడ్ తిరగరాసి పెట్టిన అభిమానులు వాళ్లు. రాక్‌స్టార్ మాతృసంస్థ టేక్-టూ 2021 ఫిబ్రవరిలో ఆ కోడ్‌ను ఇంటర్నెట్ నుంచి తీయించింది, సెప్టెంబరులో వాళ్ల మీద కోర్టుకెక్కింది. అక్టోబరులో పాత గేములు మూడూ డిజిటల్ దుకాణాల నుంచి మాయమయ్యాయి. కొత్తది బాగా లేకపోవడం ఒక లోపం. పాతది దొరక్కుండా చేయడం అన్యాయం, దాన్ని క్షమించలేను. పుస్తకం కొత్త ముద్రణలో తప్పులుంటే పాత ప్రతి వెతుక్కుంటాం. ఇక్కడ ఆ దారీ మూసేశారు.

వారం తిరిగేసరికి, నవంబరు 19న, రాక్‌స్టార్ క్షమాపణ చెప్పి, కంప్యూటర్ మీద పాత గేములను మళ్లీ అమ్మకానికి పెడతామంది. మరమ్మతులు విడతలు విడతలుగా వచ్చాయి. 2024 నవంబరులో పాత వెలుతురు, పాత ఆకాశం తిరిగొచ్చాయి. ఆ మరమ్మతుతోనే గేము మొదట్లో వచ్చే తెర మీది నుంచి గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్ పేరు తీసేశారు. తప్పులు చేసింది వాళ్లే కావచ్చు. కానీ గడువు పెట్టినవాళ్ల పేరు, అది చాలదని తెలిసీ విడుదల చేసినవాళ్ల పేరు అలాగే ఉంది.