నోరు జారిన ప్రశ్న

బరువు తగ్గనివాళ్లు వైద్యం మధ్యలో మానేశారంటే అర్థం ఉంది. శాన్‌డియాగోలో డాక్టర్ విన్సెంట్ ఫెలిట్టికి ఎదురైన చిక్కు వేరు. 1980లలో అక్కడి కైజర్ పర్మనెంటే ఆరోగ్య సంస్థలో విపరీతమైన ఊబకాయానికి ఆయన ఒక కార్యక్రమం నడిపేవారు. మామూలు తిండి మాన్పించి, నెలల తరబడి పోషకాల ద్రవంతోనే ఉంచేవారు. బరువు దిగేది. తీరా చూస్తే, బాగా తగ్గుతున్నవాళ్లే చెప్పాపెట్టకుండా మానేస్తున్నారు.

ఒకామె ఏడాదిలోపే 185 కిలోల నుంచి 60 కిలోలకు వచ్చింది. తర్వాత మూడే వారాల్లో 17 కిలోలు పెరిగింది. అంతకుముందు, తనకన్నా చాలా పెద్దవాడైన సహోద్యోగి ఒకడు ఆమె అందాన్ని మెచ్చుకుని, తనతో గడపమని అడిగాడట. ఇంకా అడిగితే, పదేళ్ల వయసు నుంచి తాతయ్య తనను ఏం చేశాడో చెప్పింది. సన్నబడ్డవాళ్లను పొగడటం మర్యాదనుకుంటాం. ఆమెకు ఆ పొగడ్తే ప్రమాద సూచన.

ఫెలిట్టి మానేసినవాళ్లను పిలిచి వరసగా ఒకే రకం ప్రశ్నలు అడగసాగారు. పుట్టినప్పుడు బరువెంత, బడిలో చేరినప్పుడు ఎంత... అలా అడుగుతూ ఒకామె దగ్గర నోరు జారారు. మొదటి లైంగిక అనుభవం నాటికి వయసెంత అనబోయి, బరువెంత అన్నారు. ‘నలభై పౌండ్లు’ అందామె. అంటే 18 కిలోలు. ఆ పని చేసినవాడు ఆమె కన్నతండ్రి.

286 మందితో మాట్లాడితే సగానికి పైగా చిన్నతనంలో లైంగిక హింసకు గురైనవాళ్లని తేలింది. డాక్టరు జబ్బనుకుంటున్న బరువు వాళ్లకు రక్షణ. లావుగా ఉంటే మగవాళ్ల కళ్లు పడవన్న లెక్క కొందరిది. దాన్ని కరిగించడమంటే తలుపు గడియ ఊడదీయడమే.

1990లో అట్లాంటాలో జరిగిన ఊబకాయ నిపుణుల సభలో ఈ సంగతి చెబితే, విఫలమైన బతుకుల్ని కప్పిపుచ్చుకోవడానికి రోగులు అల్లే కథలని ఒకరు కొట్టిపారేశారు. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రానికి చెందిన డేవిడ్ విలియమ్సన్ మాత్రం, వేలమంది మామూలు రోగుల్ని అడిగి చూడండన్నారు. ఆ కేంద్రం నుంచే రాబర్ట్ అండా వచ్చి కలిశారు. 1995–97 మధ్య 17,000 మందికి పైగా తమ చిన్ననాటి గాయాల గురించి జవాబులిచ్చారు. ఉద్యోగం, ఆరోగ్య బీమా ఉన్న మధ్యతరగతివాళ్లే ఎక్కువ. 1998లో తొలి ఫలితాలు అచ్చయ్యాయి. విచిత్రమేమిటంటే, కథ మొదలైన ఊబకాయంతో ఆ గాయాల సంబంధం అందులో ఓ మోస్తరుగానే కనిపించింది. ఆత్మహత్యాయత్నం, తాగుడు, కుంగుబాటులతో చాలా గట్టిగా కనిపించింది.

తిండే ఎందుకు ఆసరా అవుతుందో లండన్‌లో జాన్ బౌల్బీ మొదలుపెట్టిన అనుబంధ సిద్ధాంతం కొంత చెబుతుంది. భయమేస్తే బిడ్డ పెద్దవాళ్ల ఒడిలోకి పరుగెత్తుతుంది. భయపెట్టేవాళ్లే ఆ పెద్దవాళ్లైతే పరుగెత్తే చోటే లేదు. అప్పుడు ఓదార్పు మనుషుల్లో కాక మరోచోట వెతుక్కోవాలి. ఒకరికి అది అదుపు లేకుండా తినడం, ఇంకొకరికి తిండి మానేసి ఒంటినైనా చెప్పుచేతల్లో ఉంచుకోవడం. అలాగని ఇలాంటి జబ్బున్న ప్రతి ఇంట్లోనూ ఓ దుర్మార్గుణ్ని వెతకడం అన్యాయం. ఏ గాయమూ లేనివాళ్లకూ ఈ జబ్బులొస్తాయి. జన్యువుల పాత్రా ఉంది.

ఆ అన్యాయం జరిగింది కూడా. తిండి మానేసే జబ్బు అనొరెక్సియాకు తల్లులే కారణమని దశాబ్దాలపాటు నిందించారు. లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రి బృందం దారి మళ్లించింది. కారణాల తవ్వకం పక్కనపెట్టి, ముందు బిడ్డ చేత తినిపించే పని తల్లిదండ్రులకే అప్పగించింది. 1987లో వెలువడిన వారి ఫలితాల్లో, చిన్న వయసులో జబ్బుపడి ఎక్కువ కాలం కానివాళ్లకు ఇది బాగా పనిచేసింది. ఆకలితో ఎండిన మెదడుకు మాటల వైద్యం అంతగా ఎక్కదు కాబట్టి తిండి ఆగకూడదు. కానీ గాయం ఇంట్లోనే తగిలి ఉంటే, తినిపించే చెయ్యి ఎవరిదన్నది వైద్యులు ముందే కనుక్కోవాలి. ఆ సంగతి ఇంటివాళ్లందరి ముందూ అడిగితే నిజం రాదు. బిడ్డను విడిగా కూర్చోబెట్టి అడగాలి.