నీళ్ల మీద పండే ధాన్యం

తెలుగులో నివ్వరి అనే మాట ఉంది. దున్నకుండా, విత్తకుండా, నీటి పట్టున తనంతట తానే మొలిచే వరి అది. సంస్కృతంలో నీవారం అంటారు. నారాయణ సూక్తంలో ఒక సన్నని వెలుగును నీవార ధాన్యపు ముల్లుతో పోల్చారు. వినాయక చవితి మర్నాడు ఋషి పంచమి. ఆ వ్రతం చేసేవాళ్లు నాగలితో దున్నిన నేలలో పండింది తినకూడదని నియమం. అలాంటి రోజున తినదగిన ధాన్యం నివ్వరి.

ఈ మాట నేర్చుకోగానే నాకు మిన్నెసోటా సరస్సులు గుర్తొచ్చాయి. ఋషి పంచమి వచ్చే రోజుల్లోనే, అంటే ఆగస్టు చివర, సెప్టెంబరులో, ఇక్కడ ఇంకో రకం నివ్వరి పండుతుంది. దుకాణాల్లో దాని పేరు వైల్డ్ రైస్. ఒజిబ్వే భాషలో మనూమిన్. శాస్త్రజ్ఞులు జిజానియా అంటారు. మన వరికి చుట్టమే, కానీ వేరే మొక్క. దీన్ని తినేవాళ్లే దీన్ని ఎలా కాపాడుతూ వచ్చారో ఈసారి రాస్తున్నాను.

ఒజిబ్వే ప్రజలు తమను తాము అనిషినాబే అని చెప్పుకుంటారు. వాళ్ల పెద్దలు చెప్పే కథ ప్రకారం పూర్వులు తూర్పున సముద్రతీరం దగ్గర ఉండేవారు. నీళ్ల మీద తిండి పెరిగే చోటు దొరికేదాకా పడమటికి వెళ్లమని వాళ్లకు ఒక ప్రవచనం వచ్చింది. గ్రేట్ లేక్స్ ప్రాంతంలో మనూమిన్ కనిపించింది. అక్కడ ఆగారు. అంటే ఈ ధాన్యం వాళ్లకు తిండి మాత్రమే కాదు, వాళ్లు ఇక్కడ ఎందుకు ఉన్నారో చెప్పే కారణం కూడా.

ఇక కోత. ఒక దోనెలో ఇద్దరు ఉంటారు. ఒకరు నిలబడి పొడవాటి గడతో దోనెను నెమ్మదిగా నడుపుతారు. ఇంకొకరు కూర్చుని, రెండు చేతుల్లో రెండు తేలికైన కర్రలు పట్టుకుంటారు. ఒక కర్రతో కంకులను దోనె మీదికి వంచుతారు, రెండో కర్రతో మెల్లగా తడతారు. పండిన గింజలు దోనెలో రాలతాయి. కొన్ని నీళ్లలో పడతాయి. పచ్చి గింజలు కంకికే ఉండిపోతాయి.

ఒకే కంకిలో గింజలన్నీ ఒకేసారి పండవు. అందుకే కొన్ని రోజుల తర్వాత మళ్లీ అదే చోటికి వెళ్తారు. గట్టిగా కొడితే కాడ విరుగుతుంది, రెండో కోత ఉండదు. నీళ్లలో పడిన గింజ నష్టం కాదు, వచ్చే ఏటి విత్తనం. ఈ మొక్క ఒక్క ఏడాదే బతుకుతుంది. గింజ బురదలో దిగి, చలికాలమంతా చల్లని నీళ్ల కింద ఉంటేనే వసంతంలో మొలకెత్తుతుంది. ఏ సరస్సులో కోత ఎప్పుడు మొదలుపెట్టాలో పెద్దలు చూసి చెప్పేవారు. అంతదాకా ఎవరూ ముట్టుకోకూడదు.

ఇంటికి తెచ్చాక చేసే పనులన్నిటికీ తెలుగులో మాటలున్నాయి. ఎండబెట్టడం, వేయించడం, పొట్టు పోయేలా కాళ్లతో తొక్కడం, చెరగడం. వాళ్ల చేట బర్చ్ చెట్టు బెరడుతో చేసింది. అంతే తేడా.

ఈ ధాన్యం మీద మనుషులు ఒక్కరే బతకరు. వలస వెళ్లే బాతులు దీన్ని తిని బలం తెచ్చుకుంటాయి. సోరా అనే చిన్న నీటికోడి ఈ కాడల మధ్య తిరుగుతుంది. మస్క్‌రాట్ అనే నీటి ఎలుక కాడలను తింటుంది. చేపపిల్లలు వాటి మధ్య దాక్కుంటాయి.

అయితే మెల్లగా కొట్టినంత మాత్రాన సరస్సు బతకదు. 1884లో మిసిసిపీ నది పుట్టే ప్రాంతంలో విన్నిబిగోషిష్, లీచ్ లేక్ దగ్గర ప్రభుత్వం ఆనకట్టలు కట్టింది. నీటిమట్టం పెరిగి, ధాన్యం పెరిగే చోట్లు చాలా మునిగిపోయాయి. ఈ మొక్కకు లోతు తక్కువ నీళ్లు కావాలి. ఒజిబ్వేలు అభ్యంతరం చెప్పారు, కానీ ఆనకట్టలు ఆగలేదు.

వాళ్ల చేతిలో ఇంకొకటి ఉంది. 1837 ఒప్పందంలో ఒజిబ్వేలు చాలా భూమి వదులుకున్నారు. కానీ ఆ భూమి మీద వేటాడే, చేపలు పట్టే, వైల్డ్ రైస్ సేకరించే హక్కు ఉంచుకున్నారు. ధాన్యం పేరు ఒప్పందంలోనే రాసి ఉంది. తర్వాత ఆ హక్కు పోయిందని మిన్నెసోటా రాష్ట్రం వాదించింది. 1999లో సుప్రీంకోర్టు, 5-4 తేడాతో, మిల్లె లాక్స్ ఒజిబ్వేల హక్కు ఇంకా ఉందని తీర్పు చెప్పింది. కోత పద్ధతి కూడా రాష్ట్ర నియమాల్లోకి వచ్చింది. కొట్టే కర్ర 30 అంగుళాలు దాటకూడదు, బరువు ఒక పౌండు దాటకూడదు. ఒకప్పుడు అమ్మమ్మలు చేతులతో నేర్పిన కొలత ఇప్పుడు చట్టంలో ఉంది.

1960లలో మరో మార్పు వచ్చింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయం గింజ తొందరగా రాలని రకాలను తయారుచేసింది. వాటిని మడిలో పెంచి యంత్రంతో కోయవచ్చు. 1980లలో కాలిఫోర్నియాలో కూడా పెద్ద ఎత్తున పండించారు. ధాన్యం చవకైంది. కానీ మడిలో పండే గింజకు సరస్సు అక్కర్లేదు. గింజ రాలడం రైతుకు నష్టం. సరస్సుకు అదే ప్రాణం.

సరస్సు ఎవరికి కావాలి? ఏటా అక్కడికి దోనెతో వెళ్లేవాళ్లకు కావాలి. నా ఉద్దేశంలో ఈ సంప్రదాయం చేసే పెద్ద మేలు ఇదే. నీళ్లు మారితే మొదట తెలిసేది వాళ్లకే. గనుల నుంచి వచ్చే సల్ఫేట్ సరస్సు బురదలో సల్ఫైడ్‌గా మారి ఈ మొక్కకు హాని చేస్తుంది. అందుకని 1973లోనే మిన్నెసోటా లీటరుకు 10 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. ఆ హద్దు అమలు చేయమని గట్టిగా అడుగుతున్నవాళ్లలో ఒజిబ్వేలు ముందున్నారు. 2018లో వైట్ ఎర్త్ ఒజిబ్వేలు ఇంకో అడుగు వేశారు. మనూమిన్‌కే బతికే హక్కు ఉందని చట్టం చేశారు.

మన నివ్వరి సంగతి కూడా చెప్పాలి. దాని పేరుతోనే ఒరైజా నివారా అనే జాతి ఉంది. గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు ఆసియా వరిని దెబ్బతీసినప్పుడు, దాన్ని తట్టుకునే గుణం ఉత్తరప్రదేశ్ నుంచి సేకరించిన ఒరైజా నివారాలో దొరికింది. ఎవరూ విత్తని మొక్క విత్తిన పంటను కాపాడింది. అలాంటి మొక్కలు ఇప్పటికీ చెరువుల పక్కన, గుంటల్లో మొలుస్తాయి. మిన్నెసోటాలో లాగా ఏటా వెళ్లి వాటిని చూసేవాళ్లు ఉంటే, చెరువు పూడ్చేటప్పుడు అడ్డు చెప్పేవాళ్లు ఉంటారు.

అమెరికాలో ఉన్న పాఠకులకు ఒక చిన్న మాట. ఈసారి వైల్డ్ రైస్ కొనేటప్పుడు పొట్లం మీద చదవండి. అది మడిలో పండిందా, సరస్సులో చేత్తో కోసిందా చూడండి. రెండోది ఖరీదు ఎక్కువ. త్వరగా ఉడుకుతుంది, కాస్త పొగ వాసన వేస్తుంది. ఆ డబ్బు దోనెలో కూర్చున్నవాళ్లకు చేరితే, వచ్చే ఏడు కూడా వాళ్లు ఆ సరస్సుకు వెళ్తారు.