అండమాన్ దీవులకు రేపటి విద్యుత్తు: ఉత్పత్తి మార్గాల తులనాత్మక పరిశీలన

ప్రధాన భూభాగంలో ఒక విద్యుత్ కేంద్రం ఆగిపోతే పొరుగు రాష్ట్రం నుంచో, జాతీయ గ్రిడ్ నుంచో విద్యుత్తును తెచ్చుకొనే వీలు ఉంటుంది. నడిసముద్రంలోని దీవులకు ఆ వెసులుబాటు లేదు. అవసరమైన ప్రతి యూనిట్‌ను అక్కడే, ఆ క్షణంలోనే ఉత్పత్తి చేసుకోవలసి ఉంటుంది. అండమాన్ నికోబార్ దీవుల విద్యుత్ శాఖ దశాబ్దాలుగా నిర్వర్తిస్తున్న బాధ్యత ఇదే. ఇంతకాలం ఆ భారాన్ని ప్రధానంగా డీజిల్ ఇంజన్లు మోశాయి. ఇక ముందు ఏ మార్గాన్ని అనుసరించాలన్నది దీవుల ప్రజలకే గాక, ఆ ఖర్చులో పెద్ద భాగాన్ని భరిస్తున్న కేంద్ర ఖజానాకూ ముఖ్యమైన ప్రశ్న.

నేపథ్యం

ఈ కేంద్రపాలిత ప్రాంతం విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. ఇందులో 80 శాతానికి పైగా అడవి. దీవుల వరుస ఉత్తరం నుంచి దక్షిణానికి 700 కిలోమీటర్లకు మించి వ్యాపించి ఉంది. అండమాన్, నికోబార్ సముదాయాలను పది డిగ్రీల జలసంధి వేరు చేస్తున్నది. అందువల్ల అన్ని దీవులకు కలిపి ఒకే గ్రిడ్ లేదు. జనావాసం గల దీవులకు విడివిడిగా చిన్న విద్యుత్ కేంద్రాలు, వాటి పరిధిలో సరఫరా లైన్లు ఉన్నాయి. రాజధాని శ్రీ విజయపురం (2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్) గల దక్షిణ అండమాన్ వ్యవస్థ వీటిలో పెద్దది. అయినప్పటికీ దాని గరిష్ఠ డిమాండ్ కొన్ని పదుల మెగావాట్లకు మించదు.

విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతా రేవుల నుంచి రాజధానికి సముద్ర మార్గం దాదాపు 1,200 కిలోమీటర్లు. బియ్యం, సిమెంటు మాదిరిగానే ఇంధనం కూడా ఓడ మీదనే రావాలి. రాజధానిలో గణనీయ సంఖ్యలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, వాతావరణం అనుకూలించక ఓడ ఆలస్యమైతే ఏయే ఇబ్బందులు ఎదురవుతాయో అనుభవపూర్వకంగా తెలుసు. ఆసుపత్రి, తాగునీటి పంపులు, చేపల నిల్వకు మంచు కర్మాగారాలు అన్నీ విద్యుత్తు మీదనే ఆధారపడి ఉన్నాయి.

డీజిల్: నమ్మకం ఉన్నా భారం ఎక్కువ

డీజిల్ ఇంజనుకు కొన్ని సుగుణాలు ఉన్నాయి. నిమిషాల వ్యవధిలో ఉత్పత్తి ప్రారంభమవుతుంది. చిన్న యూనిట్లుగా అమర్చవచ్చు. ఒకటి చెడితే మరొకటి ఆదుకొంటుంది. విడిభాగాలు, పనితెలిసిన సిబ్బంది అందుబాటులో ఉంటారు.

ప్రతికూలత ఖర్చులో ఉంది. ఒక లీటరు డీజిల్‌తో సుమారు నాలుగు యూనిట్ల విద్యుత్తు లభిస్తుంది. లీటరు ధర 80 రూపాయలు అనుకుంటే ఇంధన ఖర్చే యూనిట్‌కు 20 రూపాయలు అవుతుంది. నిర్వహణ, సరఫరా నష్టాలు దీనికి అదనం. వినియోగదారుల నుంచి వసూలయ్యే చార్జీ ఇందులో కొద్ది భాగం మాత్రమే. మిగిలినది ప్రభుత్వ సహాయంగా సమకూరుతున్నది. లీటరు డీజిల్ దహనంతో సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. దీనికి తోడు ప్రవాళ భిత్తికల నడుమ సాగే ఇంధన రవాణాలో చమురు ఒలికే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది.

సహజవాయువు

దక్షిణ అండమాన్‌లోని హోప్ టౌన్ వద్ద ద్రవీకృత సహజవాయువు ఆధారంగా 50 మెగావాట్ల కేంద్రాన్ని నెలకొల్పాలన్న ప్రతిపాదన ఈ చర్చలో తరచు ప్రస్తావనకు వచ్చింది. సహజవాయువు డీజిల్ కంటే శుభ్రమైన ఇంధనం. మధ్యధరా సముద్రంలోని మాల్టా 2017లో ఇంధన చమురు నుంచి ఈ మార్గానికి మళ్లింది.

అయితే వాయువును ద్రవరూపంలో నిలిపి ఉంచడానికి దాదాపు మైనస్ 162 డిగ్రీల సెల్సియస్ శీతలత అవసరం. ప్రత్యేక ఓడలు, రేవు, నిల్వ ట్యాంకులు కావాలి. ఈ పెట్టుబడి డిమాండ్ పెద్దగా ఉన్నచోట తేలికగా గిట్టుబాటు అవుతుంది. చిన్న వ్యవస్థలో ప్రతి యూనిట్ మీద భారమవుతుంది. పైగా దీర్ఘకాలిక కొనుగోలు ఒప్పందం కుదిరిన తరువాత సౌరవిద్యుత్ మరింత చౌక అయినా, వాడని వాయువుకు సైతం చెల్లింపులు జరపవలసి రావచ్చు. కేంద్రాన్ని ఒకే పెద్ద యూనిట్‌గా కాక పలు చిన్న యూనిట్లుగా నిర్మించడం కూడా తప్పనిసరి. చిన్న గ్రిడ్‌లో పెద్ద యూనిట్ అకస్మాత్తుగా నిలిచిపోతే దీవి మొత్తం చీకటిలో మునుగుతుంది.

సౌరశక్తి, బ్యాటరీ నిల్వ

గరచర్మా వద్ద ఎన్.టి.పి.సి. నెలకొల్పిన 5 మెగావాట్ల కేంద్రం దీవులలో సౌరవిద్యుత్‌కు తొలి పెద్ద అడుగు. ఆ తరువాత ఎన్.ఎల్.సి. ఇండియా సంస్థ దక్షిణ అండమాన్‌లో 20 మెగావాట్ల సౌరకేంద్రాన్ని 8 మెగావాట్ అవర్ల బ్యాటరీ నిల్వతో సహా 2020లో పూర్తి చేసింది.

ఇక్కడ ఒక లెక్క గమనార్హం. వర్షపాతం అధికంగా గల ఈ ప్రాంతంలో ఒక మెగావాట్ సౌరసామర్థ్యం ఏటా 13 లక్షల యూనిట్లు ఇస్తుందనుకుంటే, 20 మెగావాట్లకు 2.6 కోట్ల యూనిట్లు లభిస్తాయి. దీని వల్ల ఆదా అయ్యే డీజిల్ సుమారు 65 లక్షల లీటర్లు. లీటరు 80 రూపాయల చొప్పున 52 కోట్ల రూపాయలు.

కాని రోజుకు సగటున ఉత్పత్తయ్యే 71 వేల యూనిట్లలో బ్యాటరీ దాచగలిగేది 8 వేలు, అంటే సుమారు తొమ్మిదో వంతు. మబ్బు పట్టినపుడు కలిగే హెచ్చుతగ్గులను సరిదిద్దడానికి ఇది ఉపకరిస్తుంది. దీపాలు వెలిగే వేళ గరిష్ఠ డిమాండ్‌ను రాత్రంతా తీర్చడానికి చాలదు. హవాయి దీవులలోని కవాయిలో 2019లో ప్రారంభమైన కేంద్రానికి 28 మెగావాట్ల సౌరఫలకాలతో పాటు 100 మెగావాట్ అవర్ల నిల్వ ఉంది. పగటి ఎండను సాయంకాలానికి మళ్లించడమే అక్కడి ఉద్దేశం. కనుక ఒక ప్రతిపాదనలో ఎన్ని మెగావాట్ల ఫలకాలు ఉన్నాయన్న దానితో పాటు ఎన్ని గంటల నిల్వ ఉందన్నది కూడా చూడవలసి ఉంటుంది.

రెండవ పరిమితి భూమి. మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి. అడవిని తొలగించి సౌరఫలకాలు పరచడం లక్ష్యానికే విరుద్ధం. ప్రభుత్వ భవనాల పైకప్పులు, జలాశయాల ఉపరితలం, వాడుకలో లేని స్థలాలకు ప్రాధాన్యం ఇవ్వడం సముచితం.

జలవిద్యుత్, పవనవిద్యుత్

ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ సమీపాన కల్పాంగ్ నదిపై 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం 2001లో ప్రారంభమైంది. ఇంధన ఖర్చు లేకపోవడం దీని విశిష్టత. వేసవిలో నీరు తగ్గినపుడు ఉత్పత్తి కూడా తగ్గుతుంది. ఈ దీవులలో పెద్ద నదులు లేనందున ఇటువంటి అవకాశాలు పరిమితం.

నైరుతి రుతుపవన కాలంలో మబ్బుల వల్ల సౌరవిద్యుత్ తగ్గే వేళ గాలి బలంగా వీస్తుంది. ఈ రెండూ ఒకదానికొకటి తోడు కాగలవు. తుపానులను తట్టుకొనే మరలు, వాటిని నిలబెట్టడానికి భారీ క్రేన్లు, రహదారులు ఇందుకు కావలసి ఉంటుంది.

స్పెయిన్‌కు చెందిన ఎల్ హియెరో దీవిలో 2014 నుంచి 11.5 మెగావాట్ల గాలిమరలు, నీటిని ఎత్తైన జలాశయంలోకి తోడి నిల్వ చేసే జలవిద్యుత్ కేంద్రం కలిసి పనిచేస్తున్నాయి. 2019 వేసవిలో వరుసగా మూడు వారాలకు పైగా డీజిల్ లేకుండా ఆ దీవి నడిచింది. అయినా గాలి తగ్గే మాసాల కోసం డీజిల్ కేంద్రాన్ని అక్కడ అట్టే ఉంచారు.

జీవద్రవ్యం, సముద్రం, భూతాపం

మారిషస్‌లో చెరకు పిప్పితో విద్యుదుత్పత్తి చాలాకాలంగా సాగుతున్నది. అండమాన్‌లో ఆ స్థాయిలో చెరకు సాగు లేదు. కొబ్బరి, వక్క తోటల వ్యర్థాలతో చిన్న యూనిట్లు సాధ్యమే గాని, రాజధాని అవసరాలకు అవి సరిపోవు.

సముద్రపు పై నీటికి, లోతు నీటికి నడుమ గల ఉష్ణోగ్రత వ్యత్యాసంతో విద్యుత్తు తీసే పద్ధతి హవాయిలో 2015లో 100 కిలోవాట్ల స్థాయిలో గ్రిడ్‌కు అనుసంధానమైంది. ఇది ఇంకా ప్రయోగ దశను దాటలేదు. దేశంలోని ఏకైక సజీవ అగ్నిపర్వతం బారెన్ దీవిలో ఉన్నా, అది నిర్జన ప్రదేశం. అక్కడి భూతాపాన్ని వినియోగ కేంద్రాలకు చేర్చడం ఆచరణలో కష్టసాధ్యం.

ప్రధాన భూభాగం నుంచి సముద్రగర్భ కేబుల్

చెన్నై, అండమాన్ దీవుల నడుమ సమాచార కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. విద్యుత్తుకూ అదే విధంగా కేబుల్ ఎందుకు వేయరాదన్న ప్రశ్న సహజం. కాని రెండింటికీ వ్యయంలోనూ, నిర్మాణంలోనూ పోలిక లేదు. బ్రిటన్, డెన్మార్క్‌లను కలుపుతూ 2023లో ప్రారంభమైన వైకింగ్ లింక్ పొడవు 765 కిలోమీటర్లు, సామర్థ్యం 1,400 మెగావాట్లు. అండమాన్‌కు అంతకంటే ఎంతో ఎక్కువ దూరానికి, అందులో కొద్ది శాతం విద్యుత్తు కోసం కేబుల్ వేయవలసి వస్తుంది.

కేబుల్ మీదనే ఆధారపడటంలోని ముప్పుకు ఆస్ట్రేలియాలోని టాస్మానియా ఉదాహరణ. 2015 డిసెంబరులో తెగిన అక్కడి కేబుల్ 2016 జూన్‌లో గాని తిరిగి పనిచేయలేదు. జలాశయాలలో నీరు అడుగంటిన కాలం కావడంతో అద్దె డీజిల్ యంత్రాలను తెప్పించవలసి వచ్చింది. సమీప దీవులను పరస్పరం కలిపే చిన్న కేబుళ్లను మాత్రం విడిగా పరిశీలించవచ్చు.

పోల్చి చూడవలసిన అంశాలు

ఏ ప్రతిపాదననైనా కేవలం యూనిట్ ధరతో బేరీజు వేయడం దీవుల విషయంలో సరిపోదు. ఈ క్రింది ప్రశ్నలకు సమాధానాలు ఉండాలి.

1. సూర్యాస్తమయం తరువాత ఎన్ని గంటలు, ఎన్ని మెగావాట్లు ఖాయంగా లభిస్తాయి?
2. అతిపెద్ద యూనిట్ ఆగిపోయినా సరఫరా కొనసాగుతుందా?
3. పది రోజులు ఓడ రాకపోతే ఏమి చేయాలి?
4. భూకంపం, సునామీ సంభవిస్తే కేంద్రం నిలుస్తుందా? 2004 డిసెంబరు 26 నాటి విపత్తులో గ్రేట్ నికోబార్‌లోని ఇందిరా పాయింట్ వద్ద నేల 4 మీటర్లకు పైగా కుంగింది. తీరాన స్థలం ఎంపిక చేసేటపుడు ఈ వాస్తవాన్ని మరువరాదు.
5. అటవీ భూమి, గిరిజన రక్షిత ప్రాంతాలు, ప్రవాళాలపై ప్రభావం ఎంత?
6. ఒప్పంద కాలం ముగిసేనాటికి మరింత చౌక మార్గం వస్తే వైదొలగే వీలుందా?
7. మరమ్మతులు చేయగల సిబ్బంది స్థానికంగా ఉన్నారా?

ముగింపు

ఈ ప్రమాణాలతో చూచినపుడు ఏ ఒక్క మార్గమూ సంపూర్ణ పరిష్కారం కాదని స్పష్టమవుతుంది. ముందుగా పొదుపు చేపట్టడం వివేకం. పంపులు, శీతల గిడ్డంగులు, వీధి దీపాలలో ఆదా అయ్యే ప్రతి యూనిట్‌కు కొత్త భూమి అవసరం లేదు, ఓడ అవసరం లేదు. తరువాత పైకప్పులు, జలాశయాలపై సౌరవిద్యుత్‌ను, దానికి తగిన గంటల నిల్వను దశలవారీగా పెంచవచ్చు. గాలి కొలతలు అనుకూలించిన చోట పవనవిద్యుత్‌ను జోడించవచ్చు. ప్రస్తుత డీజిల్ యంత్రాలను తొలగించక, ఆపత్కాల రక్షణగా తక్కువ గంటలు నడపవచ్చు. సహజవాయువు వంటి దీర్ఘకాలిక కట్టుబాట్లను, బ్యాటరీ ధరలు తగ్గుతున్న దృష్ట్యా, తగిన సామర్థ్యానికి పరిమితం చేసి పరిశీలించడం శ్రేయస్కరం.

సౌర, పవన, నిల్వ వ్యవస్థలలో ఖర్చు మొదటే ఎక్కువగా ఉంటుంది. డీజిల్‌లో ప్రతి ఓడతోనూ వస్తూనే ఉంటుంది. నేడు ఇంధన సహాయంగా వెచ్చిస్తున్న నిధులలో కొంత భాగాన్ని రేపటి ఆస్తిగా మార్చుకోవడంలోనే దీవుల విద్యుత్ భద్రత ఇమిడి ఉంది.