పొదుపు పుస్తకము – పిల్లల పైచదువు

మన దేశమున తపాలా కార్యాలయపు సేవింగ్స్ బ్యాంకు 1882లో ప్రారంభమాయెను. చిల్లర డబ్బు ముంతలో దాచుకొను పేదవారికి వడ్డీ వచ్చు ఖాతా దొరికినది. అయినను కాలేజీ ఫీజు కొరకు పొలము తాకట్టు పెట్టుట, నగలు అమ్ముట మన కుటుంబములలో మానలేదు.

2001లో బ్యాంకుల విద్యారుణ పథకము వచ్చినది. చదువుకాలములో వాయిదాలు కట్టనక్కరలేదు. కాని ప్రభుత్వ రాయితీ లేనిచో వడ్డీ మొదటినుండియే పెరుగును. 2015లో సుకన్య సమృద్ధి ఖాతా వచ్చినది. పదేండ్లలోపు ఆడపిల్ల పేర దీనిని తెరచి 15 ఏండ్లు సొమ్ము కట్టవలెను. ఆమెకు 18 ఏండ్లు నిండిన పిదప, లేక పదవ తరగతి ముగిసిన పిదప, పైచదువుకు నిలువలో సగము వరకు తీసుకొనవచ్చును.

కావున ప్రియ సంఘస్థులారా, ముందు పొదుపు, పిదప విద్యార్థి వేతనము, మిగిలిన కొరతకే అప్పు. బిడ్డను బడిలో వేసిన ఏడే ఖాతా తెరువుడి.