తాటాకు మొదలు ట్యాబు వఱకు: మన సీమలో చదువు నడక



ఈ వార్షిక సంచికకు మన సీమ చరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాసి పంపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. రాజుల చరిత్రము వ్రాయుటకు నేను చాలను. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండినవాడను. నేనెఱిగిన చరిత్రము పలకది, బలపముది, పుస్తకముది. కావున పలాస, టెక్కలి, ఉద్దానపు తీరములలో చదువుసాధనములు మారినప్పుడెల్ల చదువు వేగమెట్లు మారినదో, అందువలన మన బిడ్డలకు కలిగిన లాభనష్టము లేవియో యథాశక్తిగ విన్నవింతును. వ్రాయసమును, కరణీకమును తరతరములుగ నమ్ముకొని బ్రదికిన మన శిష్టకరణులకు ఈ చర్చ మిక్కిలి తగియున్నది.

మా యింటి యటుకమీద మా తాతగారినాటి తాటాకుల కట్టలు కొన్ని యుండెడివి. ఎనిమిదేండ్లవాడనై యున్నప్పుడు నేనొకనాడు గంటము చేతబట్టి, ఎండిన యాకుమీద నా పేరు వ్రాయబూనితిని. రెండక్షరములు ముగియకమునుపే యాకు నిలువున చీలెను. తాతగారు కోపింపక, "ఆకు తొందర నోర్వదు బాబూ" అనిరి. పిమ్మట ఆయన తన యెడమచేతి బొటనవ్రేలిగోటిని గంటమునకు ఆనికగ జేసి, ఆకును మెల్లగ జరుపుచు వ్రాసి చూపిరి. గీసిన యక్షరము మొదట కంటికి కానరాదు. మసి పూసి తుడిచినపిమ్మటనే నల్లగ తేలును. అడ్డముగ గట్టిగీత గీసినచో ఈనెవెంట నాకు చీలును గనుకనే తెలుగు, ఓఢ్ర లిపులు గుండ్రదనము దాల్చినవని లిపిశాస్త్రవేత్తలు పెక్కుమంది తలంతురు. సాధనము నడకనే కాదు, అక్షరముల రూపమును సయితము దిద్దినదన్నమాట.

ఆకు కోసి, ఆరబెట్టి, నునుపుజేసి, కొలతకు కత్తిరించి, బెజ్జమువేసి, త్రాడు గ్రుచ్చిన పిదప గాని వ్రాత మొదలు కాదు. గ్రంథము కావలసినవాడు దాని నాసాంతము ప్రతివ్రాసికొనవలసినదే. ప్రతి ముగియునప్పటికి సగము కంఠస్థమగుచుండెను. మననమునకు వేఱుగ వేళ యేర్పఱుపనక్కఱలేదు. సాధనముయొక్క మాంద్యమే యా వేళను సమకూర్చుచుండెను.

ఇక వీధిబడుల సంగతి. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో ప్రతిమండలమునందలి బడుల లెక్క తీయింపుమని యాజ్ఞాపించెను. మన ప్రాంతమప్పుడు గంజాం మండలములోనిది. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు విశాఖపట్టణ మండలమునకును, 1950లో శ్రీకాకుళ మండలమునకును వచ్చినది. మన్రో లెక్కలో గంజాం మండలమునకు 255 బడులు, 2,977 మంది విద్యార్థులు కనబడుచున్నారు. భాగించి చూచినచో బడికి పన్నెండుగురైనను లేరు. ఈ సంఖ్యను చదువరులు జ్ఞాపకముంచుకొన ప్రార్థన.

ఆ బడులలో బోధ యెట్లు జరిగెడిదో సవిస్తరముగ వ్రాసినవాడు బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంబెల్. ఆయన 1823 నాటి నివేదికలో ఆ మండలపు 533 బడులను వర్ణించెను. అందు 226 తెలుగుబడులు. బాలుడు మొదట ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దును. పిదప తాటాకుమీదనో, పలకవలె నుపయోగపడు కడితముమీదనో వ్రాయును. తెల్లవాఱుజామున మొదట వచ్చినవాని యఱచేత సరస్వతీనామము వ్రాయుదురు. రెండవవానికి సున్న. మూడవవానికి మెల్లని దెబ్బ యొకటి, నాలుగవవానికి రెండు, అట్లే వరుసగ పెరుగుచుండును. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుదురు. ఈ పద్ధతిని కాంబెల్ శ్లాఘించి, ఇది ఇంగ్లండులో ననుకరింపబడుటకు తగినదే యనెను. ఆ యనుకరణమునకు మూలపురుషుడు ఆండ్రూ బెల్. ఆయన మద్రాసులో సైనికుల యనాథబాలుర శాలకు అధికారిగ నున్నప్పుడు, ఈ దేశపు పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఇసుకదిద్దుబాటును, పిల్లలచే పిల్లలకు చెప్పించుటను తన శాలలో ప్రవేశపెట్టి, 1797లో లండనులో గ్రంథముగ ప్రకటించెను. పిడికెడు ఇసుక సముద్రములు దాటినది!

ఐనను పాతదెల్ల బంగారమని నేననను. బడికి పోయిన బాలికల సంఖ్య మిక్కిలి స్వల్పము. పెక్కుకులముల బిడ్డలకు బడియరుగు దవ్వుగనే యుండెను. కంఠపాఠము చేసిన పద్యములకు అర్థము తెలియక పిల్లలు చిలుకలవలె వల్లించుచున్నారని కాంబెలే యాక్షేపించెను. మెల్లగ చదివినంతమాత్రమున తెలిసి చదివినట్లు కాదు.

తరువాతిది అచ్చుయంత్రము. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది. వావిళ్లవారి ముద్రాలయము 1854లో నెలకొన్నది. 1893-96 సంవత్సరముల నడుమ తూర్పుతీరపు రైలుమార్గము పడగా పలాస స్టేషనైనది. 1900లో నౌపడానుండి పర్లాకిమిడికి చిన్నరైలు నడచినది. మద్రాసులో నచ్చయిన పుస్తకము దినములలో మన యూళ్ళకు చేరసాగెను. ఇది మహోపకారము. ప్రతివ్రాసికొన తీరికలేని కాపుబిడ్డకును, బెస్తబిడ్డకును పుస్తకము దక్కెను. కాని దానివెంటనే గంట, తరగతి, పరీక్ష యను మూడును వచ్చెను. వీధిబడిలో ఒకడు గుణింతములలోను, వేఱొకడు శతకములోను, ఎవని నడక వానిదిగ నుండెడిది. తరగతిలో నలువదిమందికి ఒకేదినమున ఒకేపుట. వెనుకబడినవానికై పుట యాగదు.

నడకకు అడ్డము సాధనమొకటే కాదని చూపినవారు మన పొరుగువారైన గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించి, పర్లాకిమిడిలో నుపాధ్యాయులై యుండిరి. సవరబిడ్డలు తమకు తెలియని భాషలో చదువవలసివచ్చుట చూచి, తాము సవరభాష నేర్చి, వారికై బడులు పెట్టించిరి. 1931లో సవరభాషకు వ్యాకరణమును ప్రకటించిరి. తెలుగుబిడ్డ సయితము ఇంటనాడని తెలుగులో చదువుటవలననే జాగు కలుగుచున్నదని వాదించి వ్యావహారికోద్యమమును నడిపిరి. గ్రాంథికమున వ్రాయుచు నేను ఆయనను కొనియాడుట చూచి చదువరులు నవ్వుకొందురేమో! చేతికి పట్టిన వ్రాత మానలేక యిట్లు వ్రాయుచున్నాను గాని, తరగతిలో నేనెన్నడును ఈ భాషలో లెక్క చెప్పలేదు.

1984లో వంశపారంపర్యమైన కరణీకము రద్దయినది. గంటమును, కలమును వారసత్వముగ నొసగు కాలము గడచినది. నాటినుండి మన బిడ్డలకు మిగిలిన యాస్తి చదువొక్కటే. అందుచేతనే క్రొత్తసాధనముల విషయమున మనము మెలకువగ నుండవలెను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటి ఉద్దానపు కొబ్బరిని, జీడిని, పనసను నేలగూల్చినది. పెక్కుదినములు విద్యుత్తు లేదు. 2020లో మహమ్మారివలన బడులు మూతపడగా, పాఠములు దూరదర్శనములోను, సెల్‌ఫోనులోను వచ్చినవి. 2022 డిసెంబరులో ప్రభుత్వమువారు ఎనిమిదవ తరగతివారికి ట్యాబులు పంచిరి. ఈ కాలములో నేను చూచిన రెండు సంగతులు విన్నవించెదను.

మా వీధిలో నొక బాలుడు ట్యాబులో భిన్నముల పాఠమును రెండింతల వేగముతో నడపి, "అయిపోయింది తాతగారూ" అనెను. మూడింట ఒకటియు, నాలుగింట ఒకటియు కలుపుమంటిని. ఏడింట రెండనెను! పాఠము ముగిసినదేగాని చదువు మొదలు కాలేదు. కాగితమిచ్చి, రొట్టెబొమ్మ గీయించి, మూడుమాఱులు చేయించిన పిదప, పండ్రెండింట ఏడని తానే చెప్పెను.

రెండవది జీడిపిక్కల కార్ఖానాలో పనిచేయు నొక తల్లి కూతురి సంగతి. ఇంటికొకటే ఫోను. అది తండ్రి చేతిది. ఆయన రాత్రి యింటికి వచ్చినపిమ్మట ఆ పిల్ల పంతులు పంపిన పాఠమును ముమ్మాఱు నాలుగుమాఱులు వినెడిది. "బడిలో రెండోసారి అడగాలంటే సిగ్గు మాస్టారూ, ఫోను కసరదు" అనెను. ఆ మాట విని నేను తలవంచుకొంటిని. ఎన్నేండ్లు ఎందఱు పిల్లలు నన్ను రెండవమాఱు అడుగలేక యూరకుండిరో!

కావున వేగము యంత్రముననే లేదు. ఒకే సాధనము ఒకరిని పరుగెత్తించినది, ఒకరిని నిలిపి నేర్పినది. శిష్యుడు చదువున నాల్గవపాలు గురువువలన, ఒకపాలు స్వబుద్ధివలన, ఒకపాలు తోడివారివలన, కడపటిపాలు కాలమువలన పొందునని మన పెద్దలు విభాగించిరి. తాటాకునాడు ఆ కడపటిపాలు అడుగకయే లభించెడిది. నేడు సాధనము వడిగలదైనందున, ఆ కాలమును మనమే పూని సమకూర్పవలెను.

దాతలకు నా విన్నప మొక్కటి. ఏటేట బహుమతులకు వెచ్చించు ధనములో కొంత తీసి, ఊరికొక సాయంకాలపు చదువుగది నేర్పఱుపుడు. పన్నెండుగురు పిల్లలు, ఒక పంతులు, ఒక దీపము. పెద్దవారు చిన్నవారికి చెప్పవలెను. ట్యాబు ఉండవచ్చును, పలకయు నుండవలెను. రెండవమాఱు అడిగినవానిని కసరరాదు. ఆ గది తలుపు మన కులమువారికే గాక ఊరిలోని యెల్లబిడ్డలకును తెఱచియుండవలెను. నా శేషాయువున వారమునకు మూడుదినములు అట్టి గదిలో కూర్చుండుటకు నేను సిద్ధముగ నున్నాను. జీతమక్కఱలేదు.